నేలపట్టు, పులికాట్, కోరింగ: మావయ్యతో నాలుగు రోజుల పిట్టల ట్రిప్పు ఎలా ఉందంటే

సంక్రాంతికి ముందు వారం నాలుగు రోజులు లీవు దొరికింది. ఎన్నాళ్ళ నుంచో వాయిదా పడుతున్న పిట్టల ట్రిప్పు ఈసారైనా వెయ్యాలని నేలపట్టు, పులికాట్, కోరింగ ఈ మూడూ పెట్టుకున్నా. పిల్లలకి స్కూలు, మా ఆవిడకి ఆఫీసు, సరే ఒక్కడినే పోదాం అనుకుంటుంటే మా మావయ్య నేనూ వస్తా అన్నాడు. ఆయనకి 68 ఏళ్ళు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు, పక్షుల్లో ఆయనకి తెలిసింది నాటుకోడి, అదీ పులుసులో. "ఒరేయ్, పిట్టల్ని చూడ్డానికి ఇంత దూరం పోవాలా, మన డాబా మీద వాలట్లేదా" అని స్టేషన్ దాకా సణుగుతూనే వచ్చాడు. చేతిలో మాత్రం చిన్న పాకెట్ డైరీ, పెన్ను. ఎక్కడికెళ్ళినా ఎన్నింటికి బయల్దేరాం, ఎన్నింటికి చేరాం అని రాసుకోవడం ఆయనకి సర్వీసు నాటి అలవాటు, లాగ్ షీట్ అంటాడు దాన్ని.

ముందు ప్యాకేజీ సంగతి చెప్పాలి, చాలామంది అదే అడుగుతారు కాబట్టి. ఒక టూర్ వాళ్ళకి ఫోన్ చేశా, పేరెందుకులెండి. వాళ్ళు పంపిన ప్లాన్‌లో మూడు రోజుల్లో ఆరు చోట్లు. చదవడానికి బాగానే ఉంది కానీ టైమింగులు చూస్తే తొమ్మిదింటికి హోటల్లో టిఫిను, పదిన్నరకి బండెక్కడం, పన్నెండింటికి చెరువు గట్టు. పన్నెండింటికి చెరువు గట్టున ఏముంటుందండీ, ఎండ ఉంటుంది, మనం ఉంటాం. పొద్దున్నే ఐదింటికి బయల్దేరదీస్తారా అని అడిగితే "టిఫిన్ ఇంక్లూడెడ్ సార్" అన్నాడాయన, నేను అడిగిందేంటి ఆయన చెప్పిందేంటి. అక్కడితో ఫోన్ పెట్టేసి మాకు మేమే ప్లాన్ చేసుకున్నాం, ఆరు చోట్లు కాదు, మూడు చోట్లే, ఒక్కోచోట కనీసం రెండు పూటలు. ట్రిప్పు మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే, మిగతావన్నీ ఎవరో ఒకరు చెప్తే తెలిసినవి.

మకాం సూళ్ళూరుపేటలో. నేలపట్టు అక్కడికి ఉత్తరంగా ఒక 20 కిలోమీటర్లు, హైవే మీద దొరవారిసత్రం దగ్గర తిరగాలి. పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్ళే రోడ్డు కూడా సూళ్ళూరుపేట నుంచే మొదలవుతుంది కాబట్టి రెండిటికీ కలిపి ఇదే బెస్టు. లాడ్జీ గురించి మాత్రం ఒక ముక్క. మొదటి రోజు పొద్దున ఐదింటికి కిందకి దిగితే షట్టర్‌కి లోపల్నుంచి తాళం, తాళం చెవి ఉన్న మనిషి ఏ గదిలో పడుకున్నాడో ఎవరికీ తెలీదు. రాత్రే చెప్పాం కూడా, అలాగే సార్ అన్నారు. మావయ్య బస్సు డొక్క బాదినట్టు షట్టర్ బాదుతుంటే పై అంతస్తు వాళ్ళు లేచొచ్చారు గానీ ఆయన లేవలేదు. నలభై నిమిషాలు పోయింది. అందుకని మీరు లాడ్జీ తీసుకుంటే ఏసీ ఉందా, వేడినీళ్ళు వస్తాయా అనేవి తర్వాత, ముందు తెల్లారుజామున తలుపు ఎవరు తీస్తారో అడగండి, మనిషిని కళ్ళతో చూసి మరీ అడగండి.

అలా టికెట్ తీసుకుని నేలపట్టులో అడుగు పెట్టేసరికి ఏడు దాటింది. మంచు ఇంకా విడిపోలేదు, అదే మా అదృష్టం. చిన్న చోటండీ ఇది, మొత్తం కలిపి 459 హెక్టార్లు, 1976 నుంచి శాంక్చురీగా ఉంది. పెద్ద అడవి అనుకుని వెళ్తే నిరాశ పడతారు. ఒక చెరువు, చెరువు నీళ్ళల్లోనే నిలబడ్డ కడప చెట్లు (ఊరు కాదు, చెట్టు పేరే అది), చుట్టూ చిట్టడవి. ఏడాదిలో చాలా నెలలు నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని బతికే చెట్లు అవి, అందుకే పక్షులకి అంత ఇష్టం, పిల్లులూ కుక్కలూ ఈదుకుంటూ గూటి దాకా రావు కదా.

ఇక గూడబాతులు. పెలికాన్లు అంటే అందరికీ తెలుస్తుంది గానీ గూడబాతు అన్న పేరులోనే ఉంది అంతా, గూడ అంటే నీళ్ళు తోడే బుట్ట, ముక్కు కింద వేలాడే సంచే దాని గూడ. చెట్టు చెట్టుకీ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లలాగా గూళ్ళు, ఒక్క కొమ్మ ఖాళీ లేదు. వాసన వస్తుంది, అది ముందే చెప్పాలి, చేపల మార్కెట్ మూసేశాక వచ్చే వాసన లాంటిది, ఓ పావుగంటకి ముక్కు అలవాటు పడిపోతుంది. పెద్ద పక్షులు దాదాపు నోరెత్తవు, గోలంతా పిల్లలదే. ఒక గూటి మీద బైనాక్యులర్ పెట్టి అలా వదిలేశా. తెల్లటి నూగుతో రెండు పిల్లలు, తల్లో తండ్రో తెలీదు, వచ్చి వాలగానే రెండూ రెక్కలు టపటపా కొట్టుకుంటూ తలలు ఊపుతూ ఒక రకమైన పూనకం, తర్వాత ఒకటి ఏకంగా తల మొత్తం, మెడ దాకా, పెద్దదాని గొంతులోకి దూర్చేసింది. లోపల్నుంచి లాక్కుని తింటోంది. పెద్దది కళ్ళు మూసుకుని నిలబడింది, దాని మెడ బయట్నుంచి చూస్తే లోపల ఎవరో దిండు గలీబు మారుస్తున్నట్టు కదుల్తోంది. రెండో పిల్ల ఊరుకుంటుందా, మొదటిదాన్ని తోక పట్టి లాగుతోంది. మావయ్య ఒకసారి ఇలా తెమ్మని బైనాక్యులర్ నా చేతిలోంచి తీసుకున్నాడు. అంతే, ఆ రోజు దాన్ని మళ్ళీ నేను చూసింది టిఫిన్ దగ్గరే.

ఇంకో తమాషా నీటికాకులది. గూటికి ఒక పుల్ల కావాలి, దానికోసం దూరం ఎందుకు పోవడం అని పక్కింటావిడ అటు ఎగరగానే ఆ గూటిలోంచి ఒక పుల్ల లాగేసి తన గూట్లో పెట్టుకుంది ఒకటి, ఆవిడ తిరిగొచ్చాక ఏమీ ఎరగనట్టు అటు తిరిగి కూర్చుంది. నత్తగుల్ల కొంగలు కూడా చాలా ఉన్నాయి, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంటుంది, నత్తల్ని పట్టి లోపలి మాంసం లాగడానికి దానికి ఆ ముక్కే పనిముట్టు. తెల్ల కంకణాలు, రాత్రి కొంగలు సరేసరి.

ఇక్కడే సైబీరియా గొడవ వచ్చింది. మనూళ్ళలో ఏ కొత్త పిట్ట కనిపించినా సైబీరియా నుంచి వచ్చిందంటాం కదా, మావయ్య కూడా అక్కడున్న ఒక కుటుంబానికి గూడబాతులు సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొస్తాయని లెక్చర్ మొదలెట్టాడు. అక్కడే ఉన్న వాచర్ ఒకాయన నవ్వి "యాడి సైబీరియా సార్, ఇవి మనయ్యే, వానలు పడి చెరువు నిండితే వస్తాయి, పిల్లల్ని పెంచుకోని పోతాయి, నీళ్ళు లేని ఏడాది రావు" అన్నాడు. నిజం కూడా అదే. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, కంకణాలు ఇవన్నీ మన దేశంలోనూ చుట్టుపక్కలా తిరిగేవే, నీళ్ళనీ చేపల్నీ బట్టి చోటు మారుస్తాయి, గుడ్లు పెట్టడానికి ఇక్కడికొస్తాయి. నిజంగా ఉత్తరాన్నించి చలికి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి, అవి ఇక్కడ గుడ్లు పెట్టవు, తిని బలం పుంజుకుని ఎండాకాలానికి వెళ్ళిపోతాయి. గూడు కడితే మనది, కట్టకపోతే చుట్టం అని మోటుగా గుర్తుపెట్టుకోవచ్చు, నూటికి నూరుపాళ్ళు కాకపోయినా ఇలాంటి చోట పనికొస్తుంది. మావయ్య మాత్రం ఒప్పుకోలేదు, "తాతల కాలంలో వచ్చుంటాయి" అని సర్దుకున్నాడు. రెట్టలు పడిన ఆ చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు వెయ్యక్కర్లేదని కూడా వాచరే చెప్పాడు, పాత సేద్యం మనిషి కాబట్టి దానికి మాత్రం మావయ్య వెంటనే తలూపాడు.

పదిన్నరకల్లా ఎండ ముదిరింది, పక్షులు కూడా నోళ్ళు తెరిచి గొంతు అదిలించుకుంటూ కూర్చున్నాయి. లోపల మ్యూజియం ఉంది, అది ఆ టైముకి పెట్టుకోండి. పొద్దున్న పూట మ్యూజియంలో తిరిగి ఎండలో చెరువు దగ్గరికి వస్తున్నవాళ్ళని చూస్తే అయ్యో అనిపించింది. సాయంత్రం మళ్ళీ నాలుగింటికి వచ్చాం, ఈసారి వాచ్ టవర్ ఎక్కి చీకటి పడేదాకా అక్కడే. రోజంతా బయట తిరిగిన కంకణాలు గుంపులు గుంపులుగా వాలుతుంటే రాత్రి కొంగలు డ్యూటీకి బయల్దేరతాయి. "షిఫ్టు మారుతోందిరా" అన్నాడు మావయ్య. నేలపట్టుకి నేను పదికి తొమ్మిది ఇస్తా, ఆ ఒక్కటీ కూడా కోతులకి తగ్గించా, మా అరటిపళ్ళు పోయాయి.

రెండో రోజు పులికాట్. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, ఎక్కువ భాగం మన వైపు, మిగతాది తమిళనాడు వైపు. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడ శ్రీహరికోట దీవి. సూళ్ళూరుపేట నుంచి ఆ దీవికి వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా నీళ్ళే. టికెట్ లేదు, గైడ్ లేడు, కారు కిటికీయే వాచ్ టవర్. ఒక్కటి గుర్తుంచుకోండి, అది రాకెట్లు వదిలే షార్ కేంద్రానికి వెళ్ళే రోడ్డు, పొద్దున బస్సులు వరసగా పోతుంటాయి, రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ బ్రేకెయ్యకుండా పక్కకి దిగే చోటు చూసుకుని ఆపాలి, చివర గేటు దాకా పోయి కెమెరా తియ్యకూడదు. మా క్యాబ్ డ్రైవర్ కుర్రాడు మంచోడే గానీ రాజహంస కనిపించిన చోటల్లా రోడ్డు మధ్యలో ఆపేసేవాడు, మావయ్య తట్టుకోలేక చివరికి "నువ్విటు రా బాబూ" అని స్టీరింగ్ తీసుకున్నాడు. మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టు, ఆయన్ని అంత సంతోషంగా నేను ఈ మధ్య చూడలేదు.

రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, అందరూ ఫొటోల్లో చూసిన మందార రంగులో ఉండవు. దూరం నుంచి తెల్లగా, కొద్దిగా గులాబీ ఛాయ, అంతే. ఇదేంటి తెల్లకొంగలేనా అనుకునేలోపు ఒక గుంపు లేచింది, రెక్కలు విప్పగానే లోపల ఎరుపూ నలుపూ. కారులో ముగ్గురం ఒకేసారి "అబ్బా" అన్నాం. ఆ రంగు వాటి ఒంట్లో పుట్టిందేం కాదు, తినే చిన్న రొయ్యల్లాంటి పురుగుల్లోంచి, నాచులోంచి వస్తుంది, పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి, గుంపులో మాసినట్టు కనిపించేవి కుర్ర పక్షులన్నమాట. తినే పద్ధతి చూడాలి, తల తిరగేసి, పైముక్కు కిందకొచ్చేలా నీళ్ళలో ముంచి, నాలుకతో నీళ్ళు లోపలికీ బయటికీ తోడుతూ జల్లెడ పట్టినట్టు వడగడతాయి. కాళ్ళతో బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంటాయి, కింద ఉన్నది పైకి తేలాలని. ఒక అరగంట అలా చూస్తే ఎవరో పనిమనుషులు మాట్లాడుకోకుండా చేనంతా కలుపు తీస్తున్నట్టు ఉంటుంది.

ఈ సరస్సు లోతు చాలా తక్కువ, చాలాచోట్ల మనిషి నడుము దాకా కూడా రాదు, జాలర్లు పడవ దిగి నడిచిపోతుంటారు. అందుకే పొడుగు కాళ్ళ పక్షులన్నీ ఇక్కడ. తెడ్డుమూతి కొంగలు గరిటె తిప్పినట్టు ముక్కు అటూ ఇటూ ఆడిస్తూ, ఎర్రకాళ్ళ కొంగలు సగం తెరిచిన ముక్కు నీళ్ళల్లో పెట్టి ఏదైనా తగిలితే టక్కున మూస్తూ. నీళ్ళు మరీ ఎక్కువుంటే ఇవేవీ దిగలేవు, మరీ తక్కువైతే ఉప్పు బీడు. అందుకని ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది, ఈశాన్య రుతుపవనం వానలు ఎలా పడ్డాయో వాకబు చేసుకుని వెళ్ళండి, జనవరిలో వెళ్తే చాలు కనిపిస్తాయి అని గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నమ్మకండి. ఇంకోటి, ఇక్కడ తొమ్మిది దాటితే నీళ్ళ మీద వేడి గాలి అల్లాడుతుంది, అరకిలోమీటరు దూరంలో పక్షి అద్దంలో కరిగిపోతున్నట్టు కనిపిస్తుంది, లక్ష రూపాయల లెన్స్ ఉన్నా అంతే. మా పక్కన ఒకాయన పాపం తన కెమెరా పాడైందనుకుని సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు గొడవ. మధ్యాహ్నం ఒక చిన్న రేవులో పడవ మాట్లాడుకున్నాం, రేవు పేరు రాయను. పడవాయన మేం అడక్కుండానే "ఫొటో బాగా వస్తది సార్" అంటూ ఇంజన్ పెంచి నేరుగా రాజహంసల గుంపు మీదకి పోనిచ్చాడు. అవి గాల్లోకి లేవాలంటే నీళ్ళ మీద చాలా దూరం పరిగెత్తాలి, నిలబడ్డచోట నుంచి ఎగరలేవు. వందల పక్షులు నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తుతుంటే పడవలో ఉన్న మిగతా వాళ్ళు ఈలలు, చప్పట్లు. ఆపండి ఆపండి అని నేను అరిచేలోపు గుంపంతా లేచిపోయింది. వడగట్టి సంపాదించుకున్న తిండిలో కొంత ఆ పరుగుకే ఖర్చు, రోజుకి పది పడవలు ఇలా చేస్తే అవి ఇక్కడ ఎందుకుంటాయి. మావయ్య పడవాయనతో "మీ ఇంట్లో అన్నం తింటుంటే నేను బస్సేసుకుని లోపలికొస్తే ఎలా ఉంటది" అన్నాడు. ఆయన నవ్వాడు గానీ ఇంజన్ ఆపేశాడు, తర్వాత కర్రతో తోసుకుంటూ తీసుకెళ్ళాడు. అలా వెళ్తే చిత్రంగా పక్షులు మాకు ఇంకా దగ్గరగా కనిపించాయి. కాబట్టి పడవెక్కే ముందే తేల్చుకోండి, దూరంగా ఆపాలి, వెంటపడకూడదు, లేకపోతే ఎక్కం అని. డబ్బులిచ్చేది మనం కాబట్టి వింటారు, ఫొటో కావాలని అడిగేది కూడా మనమే కాబట్టి తప్పు మొత్తం వాళ్ళదీ కాదు.

సాయంత్రం మళ్ళీ అదే రోడ్డు. పొద్దు వాలే టైముకి గులాబీ రంగు నీళ్ళది ఏదో పక్షులది ఏదో తెలియలేదు. దాని గురించి ఎక్కువ రాయలేను, చూడాలంతే. పులికాట్‌కి పక్షుల వరకు పదికి పది, పడవకి నాలుగు. తిరిగొచ్చేటప్పుడు కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్ళాం, ఆ గుడికి తలుపులుండవు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మావయ్య లాడ్జీ షట్టర్ గుర్తొచ్చి "వీళ్ళని చూసి నేర్చుకోమను" అన్నాడు.

గూడూరు వచ్చి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాకినాడ. కోరింగ అక్కణ్ణుంచి యానాం వెళ్ళే దారిలో, ఆటోలో కూడా పోవచ్చు. ఇది పై రెండిటిలాంటిది కాదు, గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవి, 235 చదరపు కిలోమీటర్లు, 1978లో శాంక్చురీ చేశారు. అడవిలోకి చెక్కల వంతెన లాంటి నడక దారి వేశారు, బురదలో కాలు పెట్టకుండా మడ చెట్ల మధ్యలోంచి నడిచి పోవచ్చు, పెద్దవాళ్ళకీ ఇబ్బంది లేదు, మావయ్య మోకాళ్ళ నొప్పులతోనే మొత్తం తిరిగాడు. తడిగా ఉన్నచోట జారుతుంది, నున్నటి చెప్పులు వద్దు.

ఇక్కడ నా తెలివి తెల్లారింది. రెండు రోజులుగా పొద్దున్నే వెళ్ళాలి పొద్దున్నే వెళ్ళాలి అని మావయ్యని నిద్ర లేపి చంపేశా కదా, ఇక్కడికీ అలాగే పరిగెత్తుకుంటూ వచ్చాం. వచ్చి చూస్తే చెట్ల మొదళ్ళ దాకా నీళ్ళు, పిట్ట లేదు. ఒక లకుముకి పిట్ట, తలకి నల్ల టోపీ పెట్టినట్టుండే రకం, ముక్కు పగడంలా ఎర్రగా, అదొక్కటే వేరు మీద కూర్చుని మమ్మల్ని చూసి జాలిపడింది. గంటన్నర తిరిగి కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే పడవల దగ్గరున్న పెద్దాయన ఒకాయన "ఇప్పుడు పోటు మీదుందండీ, ఏవుంటాయండీ పిట్టలు, పాటు తియ్యనివ్వండి, భోంచేసి రండి" అన్నాడు. అదండీ సంగతి. ఈ బురద పిట్టలకి గడియారం సూర్యుడు కాదు, సముద్రం. నీళ్ళు వెనక్కి తీస్తే (పాటు అంటే అదే) బురద బయటపడుతుంది, బురదలో పురుగులు, చిన్న పీతలు, అప్పుడు వస్తాయి. పోటు మీదున్నప్పుడు ఏదో పొడి ఇసక తిన్నె మీద ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తుంటాయి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. కాకినాడ టైడ్ టైమింగులు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, లీవు పెట్టేముందే చూసుకోవాల్సిన పని, నేను చూసుకోలేదు. ఒక్కచోట నేర్చుకున్న రూలు ఇంకో చోటికి మోసుకుపోతే ఇలాగే అవుతుంది.

భోంచేసి రెండింటికి వచ్చాం. వేరే ఊరొచ్చామా అనిపించింది. నీళ్ళు పోయినచోట బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేల వేర్లు పైకి నిలబడి ఉన్నాయి, మడ చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే, ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి. వాటి మధ్యలో చేపలు గెంతుతున్నాయి, అవును చేపలే, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని, ముందు రెక్కల మీద మోచేతులతో పాకినట్టు పాకుతూ. బొటనవేలు గోరంత పీతలు, మగదానికి ఒక చెయ్యి ఒంటికన్నా పెద్దది, ఆ చెయ్యి పైకీ కిందకీ ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంటుంది, మావయ్య దాన్ని చూసి "హైవే మీద లిఫ్ట్ అడుగుతున్నాడురా" అన్నాడు. మడ ఆకు ఒకటి రాలింది తీసుకుని కింది వైపు నాలుకతో తాకి చూడమన్నాడు పడవ పెద్దాయన, ఉప్పగా ఉంది, చెట్టు తాగిన ఉప్పుని ఆకులోంచి బయటికి తోసేస్తుందట. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోవద్దన్నాడు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కనిపించిన ఆకునల్లా నాకేయకండి మరి.

పిట్టల విషయానికొస్తే ఇక్కడ గుర్తుపట్టడం చాలా కష్టం, నిజాయితీగా చెప్తున్నా. అన్నీ గోధుమ రంగు, అన్నీ బురద రంగు. ఫోన్లో పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ పెట్టుకుంటే, అది ఒక్కోదానికి మూడు పేర్లు చూపిస్తుంటే దాంతో తగువు పడుతున్నా. మావయ్య పద్ధతి వేరు, ఆయన పేర్ల జోలికి పోకుండా పని చూశాడు. పొట్టి ముక్కుది పరిగెత్తుతుంది, ఆగుతుంది, పైపైన ఏరుకుంటుంది. కాస్త పొడుగు ముక్కుది, ఎర్ర కాళ్ళది, నీళ్ళ అంచునే నడుస్తుంది. కొడవలిలా వంగిన పెద్ద ముక్కుది కన్నంలోకి ముక్కు మొత్తం దించి పీతని బయటికి లాగి, కాళ్ళు విదిలించి మింగుతుంది. "ఒకే బురద, ఎవడి లోతు వాడిది, అందుకే కొట్టుకోవట్లేదు" అన్నాడు. పుస్తకంలో నేను చదివింది ఇదే, ఆయన ఇరవై నిమిషాలు కదలకుండా చూసి కనుక్కున్నాడు. బురదపిట్ట ఒకటి, బురదపిట్ట రెండు అని డైరీలో నంబర్లేసుకున్నాడు కూడా.

పడవ కూడా ఎక్కాం, ఇక్కడ ఆయన నెమ్మదిగా నడిపాడు, వాగుల్లోంచి పోతుంటే గరుడ పక్షి ఒకటి నెత్తిమీదే తిరిగింది. ఈ అడవిలో బావురుపిల్లులు ఉంటాయి, చేపలు పట్టుకు తినే పిల్లులు, రాత్రుళ్ళు తిరుగుతాయి, మాకు బురదలో దాని అడుగుజాడలు అని చూపించారు, నాకైతే కుక్కవేమో అని అనుమానం. నాలుగో రోజు ఆదివారం, అది మా రెండో పొరపాటు. పది దాటేసరికి పిక్నిక్ జనం, ఒక గ్రూపు నడక దారి మీద స్పీకర్ పెట్టి డాన్సు. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు అలిసిపోయి వెళ్ళాక, సరిగ్గా పాటు టైముకి, మాకు మళ్ళీ రెండు గంటలు దొరికింది. కోరింగకి పదికి ఎనిమిది, ఆదివారం అయితే ఐదు.

సామాను గురించి రెండు ముక్కలు. మొదట ఆన్‌లైన్‌లో అరవై రెట్లు పెద్దదిగా చూపిస్తుంది అన్న బైనాక్యులర్ ఒకటి కొన్నా, పక్షి కాదు కదా ఎదురింటి ట్యాంకు కూడా సరిగ్గా కనిపించలేదు, చెయ్యి కాస్త వణికినా బొమ్మ ఎగిరిపోతుంది. తర్వాత ఫ్రెండు దగ్గర 8x42 అడిగి తెచ్చుకున్నా. 8 అంటే ఎన్ని రెట్లు, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, తెల్లారుజామున వెలుతురు చాలని టైములో ఆ 42 పనిచేస్తుంది. ఇద్దరు వెళ్తే రెండు తీసుకెళ్ళండి, మా అనుభవంతో చెప్తున్నా, మావయ్య లాంటి వాళ్ళు ఉంటే మూడు. తెల్ల చొక్కాలు వద్దు, టోపీ కావాలి, నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి, పులికాట్ రోడ్డు మీద నీడ లేదు.

మా ఇద్దరికీ కారు, లాడ్జీలు, స్లీపర్ టికెట్లు, పడవలు, తిండి అన్నీ కలిపి 14,000 దాకా అయింది, అందులో సగం కారుకే. ముగ్గురు నలుగురైతే ఇంకా కలిసొస్తుంది.

తిరుగు రైల్లో మావయ్య పడుకున్నాక ఆయన డైరీ సీటు మీద ఉంటే తీసి చూశా. రైలు నంబరు, బయల్దేరిన టైము, లేటు ఎంత, ఇవన్నీ మామూలే. కింద చివరి లైను ఇలా ఉంది: "కోరింగ. పాటు 3 గం. బురదపిట్ట నం. 4 సరిగా చూడలేదు. మళ్ళీ వెళ్ళాలి. ఆదివారం కాదు."